చట్టం రాకముందటి చట్టం: సాంకేతిక, సామాజిక పరిణామాల నడుమ కంపెనీ డైరెక్టర్లకు న్యాయసలహా – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కొత్త సాంకేతికతో, మారుతున్న సామాజిక విలువో వ్యాపారంలోకి ప్రవేశించినప్పుడు దానిని నేరుగా నియంత్రించే శాసనం రావడానికి భారతదేశంలో చాలాసార్లు ఏళ్ల కాలం పట్టింది. ఆ వ్యవధిలో “దీనిపై ఇంకా చట్టం లేదు” అనే న్యాయసలహా కంపెనీలకు తరచుగా అందుతుంది. పనిచేసే చోట లైంగిక వేధింపులు, వ్యక్తిగత డేటా రక్షణ, గిగ్ కార్మికుల హోదా, దివ్యాంగుల డిజిటల్ సౌలభ్యం అనే నాలుగు రంగాల ఆధారంగా ఆ సలహా ఎంతవరకు సరైనదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కంపెనీల చట్టం, 2013లోని 166వ సెక్షన్ డైరెక్టర్లపై మోపిన విధుల వెలుగులో ఆ సలహా ఎలా ఉండాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: డైరెక్టర్ల విధులు, సెక్షన్ 166, విశాఖ తీర్పు, వ్యక్తిగత డేటా, గిగ్ కార్మికులు, డిజిటల్ సౌలభ్యం.

1. ఉపోద్ఘాతం

ఒక కంపెనీ బోర్డు కొత్త యాప్‌నో, ముఖాన్ని గుర్తించే హాజరు యంత్రాన్నో, ఉద్యోగ దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్‌నో ఆమోదించే ముందు న్యాయసలహాదారుని అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే: “దీన్ని నిషేధించే చట్టం ఏదైనా ఉందా?” దానికి వచ్చే జవాబు కూడా చాలాసార్లు ఒకటే: “ప్రస్తుతానికి బంధకమైన నిబంధన ఏదీ లేదు.” ఈ జవాబు అబద్ధం కాకపోవచ్చు. కాని ఆ మాటను ఆధారం చేసుకుని నిర్ణయం తీసుకున్న కంపెనీలు ఆ తరువాత ఎక్కడ తేలాయన్నది చూస్తే, జవాబు ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది.

ప్రత్యేక శాసనం లేని కాలాన్ని న్యాయశూన్యంగా భావించడం పొరపాటన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. రాజ్యాంగ హక్కులు, సాధారణ చట్టాల్లోని విశాలమైన పదాలు, పాత తీర్పులు ఆ కాలంలో కూడా పనిచేస్తూనే ఉంటాయి. తరువాత వచ్చే శాసనం చాలావరకు వాటినే వివరంగా తిరిగి చెబుతుంది. కొన్నిసార్లు ఆ వ్యవధిలో కంపెనీ కూడబెట్టుకున్నదాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చుకుంటుంది.

2. డైరెక్టర్ విధి: సెక్షన్ 166

1956 నాటి కంపెనీల చట్టంలో డైరెక్టర్ల సాధారణ విధులను ఒకచోట చెప్పిన సెక్షన్ లేదు. న్యాయస్థానాలు ఆంగ్ల న్యాయసూత్రాల నుంచి వాటిని గ్రహించేవి. 2013 చట్టం వాటిని 166వ సెక్షన్‌లో శాసనరూపంలో పెట్టింది. రెండవ ఉపసెక్షన్ ప్రకారం డైరెక్టరు సద్భావంతో వ్యవహరిస్తూ కంపెనీ లక్ష్యాలను సభ్యులందరి ప్రయోజనం కోసం ముందుకు తీసుకుపోవాలి. కంపెనీ, దాని ఉద్యోగులు, వాటాదారులు, సమాజం వీరందరి శ్రేయస్సును, పర్యావరణ రక్షణను దృష్టిలో ఉంచుకోవాలి. మూడవ ఉపసెక్షన్ తగిన జాగ్రత్త, నైపుణ్యం, శ్రద్ధ, స్వతంత్ర వివేచన కావాలంటుంది.

ఈ సెక్షన్ బలాన్ని ఎక్కువ చేసి చెప్పడం సరికాదు. ఉల్లంఘనకు విధించే జరిమానా లక్ష రూపాయల నుంచి 5 లక్షల దాకా మాత్రమే. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాదు. ఉద్యోగికో, పొరుగున ఉన్న గ్రామానికో దీనికింద దావా వేసే మార్గాన్ని సెక్షన్ చూపలేదు. 245వ సెక్షన్‌లోని సామూహిక వ్యాజ్యం సైతం సభ్యులకు, డిపాజిటర్లకే పరిమితం. అయినా దీని ప్రభావం మరోచోట కనిపిస్తుంది. కంపెనీ డైరెక్టర్లు వర్తించే అన్ని చట్టాల పాలనకు తగిన వ్యవస్థలను ఏర్పరచామని, అవి సక్రమంగా పనిచేస్తున్నాయని 134వ సెక్షన్ కింద ప్రకటించాలి. “వర్తించే అన్ని చట్టాలు” అన్న మాటలో తీర్పుల ద్వారా స్థిరపడిన చట్టం కూడా చేరుతుంది. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయం అన్ని న్యాయస్థానాలకూ శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణం చెబుతోంది కదా. స్వతంత్ర డైరెక్టరు తనకు తెలిసి జరిగిన తప్పుకు, శ్రద్ధ వహించకపోవడం వల్ల జరిగిన తప్పుకు బాధ్యుడని 149వ సెక్షన్ 12వ ఉపసెక్షన్ చెబుతుంది. సత్యం కంప్యూటర్స్ ఉదంతం బయటపడిన 2009 జనవరి తరువాత, బోర్డులో కూర్చున్న పెద్దల పేరుప్రతిష్ఠలు శ్రద్ధకు ప్రత్యామ్నాయం కావన్న సంగతి హైదరాబాదుకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

3. విశాఖ: పదహారేళ్ల వ్యవధి

రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామస్థాయి కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ నేపథ్యంలో దాఖలైన విశాఖ కేసులో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న తీర్పు చెప్పింది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై శాసనం లేని లోటును పూరించడానికి 14, 15, 19, 21 అధికరణాల నుంచి, స్త్రీలపై వివక్ష నిర్మూలనకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడిక నుంచి న్యాయస్థానం మార్గదర్శకాలను రూపొందించింది. శాసనం వచ్చేదాకా అవే అమలు చేయదగిన చట్టమని స్పష్టం చేసింది. ప్రభుత్వ, ప్రైవేటు యజమానులిద్దరికీ అవి వర్తిస్తాయని కూడా చెప్పింది.

“మార్గదర్శకాలు” అన్న పదమే ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టిందని నా అభిప్రాయం. వ్యవహారంలో మార్గదర్శకం అంటే పాటిస్తే మంచిదనే అర్థం వస్తుంది. చాలామంది యజమానులు అలాగే తీసుకున్నారు. విశాఖ అమలు మాటలకే పరిమితమైందని పదిహేనేళ్ల తరువాత, 2012లో, మేధా కొత్వాల్ లేలే కేసులో సుప్రీంకోర్టే గుర్తించి మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని నిర్మాణం చూస్తే, స్త్రీ అధ్యక్షతన కమిటీ, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలు, బయటి నుంచి ఒక సభ్యులు అనే చట్రం 1997 నాటిదే. విశాఖను నిజాయితీగా పాటించిన కంపెనీకి 2013లో కొత్తగా చేయవలసింది కొద్దిగానే మిగిలింది.

ఈ వ్యవధిలో వచ్చిన తీర్పుల్లో ఎపారెల్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ కేసు మన చర్చకు చాలా ముఖ్యం. ఒక ఉన్నతాధికారి కింది ఉద్యోగినితో అసభ్యంగా ప్రవర్తించిన ఆ సంఘటన 1988లో, అంటే విశాఖకు తొమ్మిదేళ్ల ముందు, జరిగింది. సంస్థ అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించింది. ఆమెను తాకే ప్రయత్నమే చేశాడు తప్ప తాకినట్టు రుజువు కాలేదన్న ధోరణిలో హైకోర్టు తొలగింపును తోసిపుచ్చింది. 1999లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తిరస్కరించి, విశాఖలోని నిర్వచనాన్ని ఉదహరిస్తూ, తొలగింపును సమర్థించింది. 1988లో ఆ సంస్థకు సలహా ఇచ్చిన వ్యక్తి “ఇలాంటి ప్రవర్తనపై ప్రత్యేక చట్టం లేదు” అని చెప్పి ఉంటే అది అక్షరాలా నిజమే అయ్యేది. అయినా చివరికి నిలబడింది ఆ సంస్థ చర్య.

ఇంటి నుంచి పని వచ్చాక ఇదే ప్రశ్న మరో రూపం తీసుకుంది. వీడియో సమావేశం, వాట్సాప్ గ్రూపు పనిచేసే చోటు కిందికి వస్తాయా? 2013 చట్టం వాటి పేరెత్తలేదు. కాని ఉద్యోగ సంబంధంగా వెళ్లే ఏ ప్రదేశాన్నయినా, నివాసాన్ని సైతం, నిర్వచనంలో చేర్చింది. వేర్వేరు రాష్ట్రాల శాఖల్లో ఉన్న ఇద్దరు బ్యాంకు ఉద్యోగుల వివాదంలో రాజస్థాన్ హైకోర్టు 2021లో డిజిటల్ వేదికను మొత్తంగా ఒకే పనిచోటుగా చూడాలని చెప్పింది.

4. వ్యక్తిగత డేటా: ఇంకా ముగియని వ్యవధి

డేటా విషయంలో “చట్టం లేదు” అన్న మాట మొదటి నుంచీ సగం నిజమే. 2008 సవరణ ద్వారా ఐటీ చట్టంలో చేరిన 43ఏ సెక్షన్, సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం వహించి నష్టం కలిగించిన కంపెనీ పరిహారం చెల్లించాలని చెప్పింది. దాని నియమాలు 2011లో వచ్చాయి. ఆచరణలో వీటిని పట్టించుకున్నవారు తక్కువ.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో నివేదిక, ముసాయిదా బిల్లు ఇచ్చింది. 2019లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లును 2022 ఆగస్టులో ఉపసంహరించారు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటితోపాటు వచ్చిన ప్రకటన ప్రకారం కంపెనీలపై ప్రధాన బాధ్యతలను మోపే సెక్షన్లు 18 నెలల తరువాత, అంటే 2027 మే నెలలో, అమల్లోకి వస్తాయి. తీర్పు నుంచి లెక్కిస్తే దాదాపు పదేళ్లు.

ఈ పదేళ్లలో వినియోగదారుల నుంచి సేకరించిన డేటా ఏమవుతుంది? ఇక్కడే “ఇంకా అమల్లోకి రాలేదు” అన్న సలహా ప్రమాదకరమవుతుంది. చట్టం అమలుకు ముందు సమ్మతి తీసుకుని సేకరించిన డేటాకు సంబంధించి కూడా, వీలైనంత త్వరగా ఆ వ్యక్తికి నోటీసు ఇవ్వాలని 5వ సెక్షన్ చెబుతోంది. ఆ వ్యక్తి సమ్మతిని వెనక్కి తీసుకునేదాకానే దాని వినియోగం కొనసాగవచ్చు. నోటీసు ఇచ్చామని, సమ్మతి పొందామని రుజువు చేసే భారం కంపెనీదేనని 6వ సెక్షన్ అంటుంది. జిల్లా కేంద్రంలోని ఒక రోగనిర్ధారణ కేంద్రాన్ని ఊహించుకుందాం. పదేళ్లుగా రోగుల ఫోన్ నంబర్లు, రక్తపరీక్షల ఫలితాలు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ సర్వర్లలో పేరుకుపోయి ఉంటాయి. ఏ రోగి దేనికి ఒప్పుకున్నాడో కాగితం మీద ఎక్కడా ఉండదు. సర్వర్లు తమవి కావని, తప్పు సాఫ్ట్‌వేర్ సంస్థదని చెప్పడానికి 8వ సెక్షన్ అవకాశం ఇవ్వదు. ఒప్పందంలో ఏమి రాసుకున్నా డేటా ప్రయోజనాన్ని, పద్ధతిని నిర్ణయించినవారిదే బాధ్యత. తగిన భద్రతా ఏర్పాట్లు లేకపోతే 250 కోట్ల రూపాయల దాకా, డేటా బయటికి పొక్కిన సంగతి తెలియజేయకపోతే 200 కోట్ల దాకా జరిమానా విధించే వీలుంది.

డేటా పొక్కిన సంగతి చెప్పడానికి 2027 దాకా ఆగవచ్చనుకోవడం కూడా తప్పే. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన దృష్టికి వచ్చిన 6 గంటల్లో నివేదించాలి. కొత్త నియమాల కింద డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో ఇవ్వవలసిన వివరమైన నివేదిక దీనికి అదనం.

తెలుగు రాష్ట్రాలకు దగ్గరగా తగిలే అంశాలు రెండు ఉన్నాయి. మొదటిది వయసు. 18 ఏళ్లు నిండనివారందరూ ఈ చట్టం దృష్టిలో పిల్లలే. వారి డేటాకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలి. ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో అత్యధికులు ఈ కోవలోకి వస్తారు. బోధన, భద్రత అవసరాల కోసం విద్యార్థుల కదలికలను గమనించడానికి విద్యాసంస్థలకు నియమాల్లో కొంత మినహాయింపు ఉంది. పదో తరగతి విద్యార్థుల ఫోన్ నంబర్లను ప్రవేశాల ప్రచారం కోసం చేతులు మార్చడం ఆ మినహాయింపులో ఇమడదు.

రెండవది భాష. నోటీసును, సమ్మతి అభ్యర్థనను ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలని చట్టం కోరుతోంది. అంటే తెలుగులో సమ్మతిపత్రం త్వరలో చట్టపరమైన అవసరం కాబోతోంది. దానికి పరిభాష సిద్ధంగా ఉందా? “కన్సెంట్”కు సమ్మతి ఉంది. “డేటా ఫిడ్యూషియరీ”కి స్థిరపడిన మాట లేదు. నిర్వాహకుడు అంటే నమ్మకం అనే భావం జారిపోతుంది. ధర్మకర్త అంటే దేవాలయం గుర్తుకొస్తుంది. సామాన్యుడు చదివి అర్థం చేసుకోలేని అనువాదంతో తీసుకున్న సమ్మతి చెల్లదనే వాదన న్యాయస్థానాల ముందుకు రావడం ఖాయం. తెలుగుశాఖలు, న్యాయశాఖలు కలిసి చేయవలసిన పని ఇది.

5. దర్జీ దుకాణం నుంచి యాప్ దాకా

ఆహారం, సరుకులు, ప్రయాణికులను చేరవేసే యాప్‌ల సంస్థలు తమ కార్మికులను “భాగస్వాములు” అని పిలుస్తాయి. సామాజిక భద్రత కోడ్, 2020 గిగ్ కార్మికుణ్ణి సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపలివాడిగా నిర్వచించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఆ కోడ్ ప్రకారం అగ్రిగేటర్లు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమానికి చెల్లించాలి; అయితే అది కార్మికులకు ఇచ్చే మొత్తంలో 5 శాతానికి మించరాదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో సొంత చట్టాలు చేశాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. హోదా ప్రశ్నపై యాప్ ఆధారిత రవాణా కార్మికుల సమాఖ్య 2021లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఈ ప్రశ్న యాప్‌లతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. తెలంగాణ ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం, 1951 కింద తలెత్తిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసును 1973లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి దర్జీలకు కుట్టిన బట్టను బట్టి కూలి. రాకపోకలకు కచ్చితమైన వేళలు లేవు. వేరే దుకాణాలకు కూడా కుట్టవచ్చు. కొందరు బట్టను ఇంటికి తీసుకుపోయి కుట్టేవారు. ఇన్ని స్వేచ్ఛలున్నా వారు ఉద్యోగులేనని న్యాయస్థానం నిర్ణయించింది. యజమాని ఎలా కుట్టాలో చెప్పగలడు, నచ్చకపోతే మళ్లీ కుట్టమనగలడు, కుట్టుమిషన్లు అతనివి. వేరేచోట పనిచేసే వీలుండడం సంబంధాన్ని చెరపదని చెప్పింది.

యాప్ ఇచ్చే రేటింగు, ఐడీ నిలిపివేత ఆ “మళ్లీ కుట్టు” అధికారానికి దగ్గరి బంధువులు. 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్ల కేసులో ఒప్పందంలోని పదాలకన్నా వాస్తవ నియంత్రణే ముఖ్యమని చెప్పినప్పుడు మన దర్జీల కేసు చదివినవారికి ఆశ్చర్యం కలిగి ఉండదు. అయితే పోలిక పూర్తిగా కుదరదు. కుట్టుమిషను దుకాణానిది, మోటారు సైకిలు మాత్రం కార్మికునిదే, పెట్రోలు ఖర్చూ అతనిదే. ప్రత్యేక కోడ్ ఒకటి గిగ్ కార్మికుణ్ణి వేరే వర్గంగా గుర్తించడం కూడా సంస్థల వాదనకు బలమిస్తుంది. ఫలితాన్ని ముందే చెప్పగలిగినవారు ఎవరూ లేరు. కాబట్టి “భాగస్వామి” అన్న మాటపైనే వ్యాపారం మొత్తాన్ని నిలబెట్టమని చెప్పే సలహాను బోర్డు అనుమానించాలి. ఐడీ నిలిపివేతకు ముందు రాతపూర్వక కారణం, 14 రోజుల నోటీసు కర్ణాటక చట్టం కోరుతోంది. మిగతా రాష్ట్రాల్లో కూడా ఆ పద్ధతిని ఇప్పుడే పాటించడం సంస్థకు పెద్ద ఖర్చు కాదు.

6. కన్నార్పలేని ఖాతాదారు

బ్యాంకు ఖాతా తెరవడానికి కెమెరా ముందు కన్ను ఆర్పమనే డిజిటల్ కేవైసీ చాలామందికి ఇబ్బందిలేని విషయం. యాసిడ్ దాడిలో కనురెప్పలు దెబ్బతిన్నవారికి, చూపులేనివారికి అది మూసిన తలుపు. ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సౌలభ్యం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెబుతూ 20 ఆదేశాలు ఇచ్చింది.

యాప్ రూపొందించినవారికి దురుద్దేశం ఉందని ఎవరూ అనరు. కాని సేవలు అందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా సౌలభ్య ప్రమాణాలు పాటించాలని దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే, 46వ సెక్షన్‌లో, చెప్పింది. ఆ ప్రమాణాల్లో అనేకం సిఫారసుల భాషలో ఉండడాన్ని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టి, వాటిని తప్పనిసరి నియమాలుగా మార్చమంది. విశాఖలోని “మార్గదర్శకాల” కథే ఇక్కడా.

7. సలహా ఎలా ఉండాలి

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. చేసిన నాడు నేరం కాని పనికి తరువాత శిక్ష వేయరాదని రాజ్యాంగం 20వ అధికరణం హామీ ఇస్తోంది. రేపు ఏ చట్టం వస్తుందో ఊహించి నేడే ఖర్చు పెట్టమంటే చిన్న సంస్థలు నిలదొక్కుకోలేవు. ఈ వాదనలో మొదటి భాగం నేరశిక్షకు సంబంధించినంత వరకు తిరుగులేనిది. అయితే పై ఉదాహరణల్లో కంపెనీలను చేరుకున్నవి ఎక్కువగా సివిల్ బాధ్యతలు, పరిహారాలు, ఉద్యోగ సంబంధాలు, కొనసాగుతున్న డేటా నిల్వలు. వాటికి 20వ అధికరణం రక్షణ లేదు. రెండవ భాగం గురించి చెప్పాలంటే, రోగుల డేటాలో అక్కరలేనిదాన్ని చెరిపేయడానికి, ఫిర్యాదుల కమిటీ వేయడానికి అయ్యే ఖర్చు తక్కువ. కోట్లు పెట్టి కట్టిన యాప్‌ను కోర్టు ఆదేశం తరువాత విప్పి మళ్లీ కట్టడమే ఎక్కువ.

అందుచేత న్యాయసలహాదారు తన అభిప్రాయపత్రంలో నిషేధం ఉందా లేదా అన్నదానితో ఆగకుండా, ఈ నిర్ణయం వల్ల ఎవరికి హాని కలగవచ్చో, ఆ హానిని ఇప్పటికే ఏ హక్కు లేదా ఏ సాధారణ చట్టం తాకుతోందో, రాబోయే శాసనం ఈరోజు కూడబెట్టేదాన్ని తన పరిధిలోకి తెచ్చుకుంటుందో లేదో కూడా రాయాలి. 166వ సెక్షన్‌లోని “ఉద్యోగులు”, “సమాజం” అనే మాటలకు బోర్డు గదిలో అర్థం వచ్చేది అప్పుడే. డైరెక్టరు ఆ సలహాకు భిన్నంగా నిర్ణయం తీసుకోవచ్చు. వ్యాపారమంటే నష్టభయాన్ని అంగీకరించడమే. కాని ఏ నివేదికను చదివారు, ఎవరు ఏ ప్రశ్న వేశారు, ఏ నష్టాన్ని ఏ కారణంతో అంగీకరించారు అన్నది మినిట్స్‌లో ఉండాలి. సక్రమంగా రాసిన మినిట్స్‌ను 118వ సెక్షన్ సాక్ష్యంగా గుర్తిస్తుంది. శ్రద్ధ వహించానని చెప్పుకోవలసిన స్వతంత్ర డైరెక్టరుకు అంతకన్నా గట్టి ఆధారం మరొకటి దొరకదు. డేటా చట్టం 33వ సెక్షన్ కింద జరిమానా మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు కూడా, ఉల్లంఘన తీవ్రతతో పాటు, దాని ప్రభావాన్ని తగ్గించడానికి సంస్థ ఏ చర్యలు, ఎంత త్వరగా తీసుకుందో డేటా రక్షణ బోర్డు చూడాలి.